చెప్పింది చెప్పినట్టు

మాస్టారు పోయారన్న కబురు నాకు వీధి మొదట్లోనే, చేపల తట్ట ఇంకా నెత్తిమీద ఉండగానే తెలిసింది. మూడో ఇంటి మేడమ్మగారు పండుగప్ప బేరమాడుతూ మధ్యలో ఆగి, "ఇవాళ నీకు అరుగు లేదే. మాస్టారు నిన్న సాయంత్రం పోయారు" అన్నారు. "ఏ మాస్టారండి?" అన్నాను. ఆ వీధికి ఒక్కరే మాస్టారు. అయినా అడిగాను.

మండపేట నుంచి కాకినాడ వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నారట. బస్సు ఆగింది, అందరూ దిగారు, కండక్టరు వచ్చి "పెద్దాయనా, దిగాలండి" అని భుజం తట్టాడట. ఎనభై రెండేళ్ళ మనిషి. ఇంట్లో కళ్ళ డాక్టరు దగ్గరకని చెప్పి బయలుదేరారు. మండపేటలో ఆయనకు చుట్టాలు లేరు, స్నేహితులు లేరు. ఎందుకు వెళ్ళారో వీధిలో ఎవరికీ అర్థం కాలేదు. నాక్కూడా ఆ రోజు తట్టలేదు. తట్టి ఉంటే ఆ వీధిలో అడుగు ముందుకు వేసేదాన్ని కాదేమో.

నేను చెబుతుంటే ఇది రాస్తున్నది మాస్టారి భార్య. నాకు చదువు లేదు. ఒక్క ముక్క మార్చనని ఆవిడ దగ్గర మాట తీసుకున్నాకే మొదలుపెట్టాను. ఎందుకు తీసుకున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మీలో చాలామంది నా పేరు విన్నారు, నన్ను చూసి ఉండరు. మీరు నెలనెలా పోస్టుకార్డు మీద పట్టేంత చిన్న కథలు రాసి మాస్టారికి పంపుతారు. ఆయన వాటిని నాలుగు పేజీల పత్రికగా జిరాక్స్ తీయించి మళ్ళీ మీ అందరికీ పంపుతారు. అందులో చివర "చేపలమ్మగారి మాట" అని వస్తుంది. ఆ చేపలమ్మను నేనే.

మాది ఉప్పాడ. మాస్టారింట్లో చేప వండరు. అయినా ఇన్నేళ్ళూ ఆ వీధిలో నేను తట్ట దించింది వాళ్ళ అరుగు మీదే. దించుకోమన్నది ఆ ఒక్క ఇంటివాళ్ళే మరి. ఎండ అరుగు మీదకు పాకే వేళకు మాస్టారు లోపలి నుంచి నల్లగొడుగు తెచ్చి విప్పి నా తట్ట మీద ఆనించేవారు. ఆయన ఎండలోనే కూర్చునేవారు. "మనం ఎండకు పాడైపోం కదమ్మా, చేప పాడవుతుంది" అనేవారు. ఆ గొడుగు అంచున తెల్లరంగుతో ఆయన పేరూ ఊరూ వీధీ రాసి ఉండేవి. బడిలో పనిచేసే రోజుల్లో మాస్టర్ల గొడుగులన్నీ ఒకే మూల పెట్టేవారట, మారిపోకుండా ఎవరికి వారు అలా రాయించుకునేవారట. రిటైరయ్యాక కూడా గొడుగు కొన్నప్పుడల్లా ముందు ఆ రాత రాయించేవారు. ఇంకో సంగతి. ఈ వయసు వరకూ నన్ను "మీరు" అని పిలిచిన చదువుకున్న మనిషి ఆయనొక్కరే.

ఇక్కడ అమ్మగారు పెన్ను ఆపారు. "నేను ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయేదాన్ని. అదీ రాయనా?" అన్నారు. రాయండి అన్నాను. రాశారు.

నేను కథల్లోకి వచ్చింది తగువుతోనే. ఒకరోజు అరుగు మీద కూర్చుని మాస్టారు ఎవరిదో కథ అమ్మగారికి చదివి వినిపిస్తున్నారు. అందులో మే నెల నడిమధ్యలో ఒకతను బోటు వేసుకుని వేటకు వెళ్ళి వలనిండా చేపలు తెస్తాడు. నేను ఊరుకోలేకపోయాను.

"అప్పుడు వేట బందు కదండి. గుడ్లు పెట్టే కాలమని గవర్నమెంటోళ్ళు బోట్లు కట్టేయిస్తారు. ఈయనకెవరు వదిలేరండి సముద్రం?"

మాస్టారు చదవడం ఆపి నా వంక చూశారు. కోపగించుకుంటారనుకున్నాను. లోపలికి వెళ్ళి పొడుగాటి నోటుబుక్కు తెచ్చుకుని, "మళ్ళీ చెప్పండమ్మా, రాసుకుంటాను" అన్నారు. ఆ నోటుబుక్కులు ఇప్పుడు బీరువాలో పద్నాలుగున్నాయి.

పద్ధతి ఇదీ. కథ ఎవరిదో చెప్పకుండా చదువుతారు. అందరి మాటలూ వచ్చాకే పేర్లు బయటపెడతారు. నేను అనాల్సింది అంటాను. ఆయన తల వంచుకుని రాసుకుంటారు. "సరిగా రాశారా?" అని అడిగితే, "చెప్పింది చెప్పినట్టు రాశానమ్మా" అనేవారు. ప్రతిసారీ అదే మాట. మన ముందు రాస్తున్నారు కదా అని నేనూ నమ్మాను. చదవలేని దానికి కాగితం మీద ఏముందో ఎలా తెలుస్తుంది.

మీరు కథలో నాలుగు ముక్కలు ఎక్కువ రాస్తే ఆయన నొచ్చుకునేవారు. "కథ చిన్నదైతే అబద్ధానికి దాక్కునే చోటుండదు" అనేవారు. నాకు ఆ మాట భలే నచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

పోయిన నెల మీకిచ్చిన విషయం ప్రాయశ్చిత్తం. మాట పెద్దది, నాకు నోరు తిరగలేదు. "చేసిన తప్పు కడుక్కోవడం అనుకోండి" అన్నారు మాస్టారు. నాలుగు కథలు వచ్చాయి. ఆ రోజు బేరం తొందరగా అయిపోయింది. ఖాళీ తట్ట పక్కన పెట్టుకుని విన్నాను.

మొదటి కథలో ఒకడు చిన్నతనంలో గుళ్ళో ఇత్తడి దీపం దొంగిలిస్తాడు. ముసలివాడయ్యాక తెల్లవారకుండా వెళ్ళి, ఎవరూ చూడకుండా గుడి మెట్ల మీద పెట్టి వచ్చేస్తాడు. నేనన్నాను, "దొంగలాగే తెచ్చాడు, దొంగలాగే పెట్టాడు. ఏం కడుక్కున్నాడండి?"

రెండో కథలో కోడలు అత్తగారికి కడుపునిండా పెట్టదు. ఆవిడ పోయాక ఏటేటా ఆ రోజున పిండివంటలు చేసి కాకులకు పెడుతుంది. "కాకి కడుపు నిండింది. అత్తగారి కడుపు సంగతేంటట?" అన్నాను.

మూడోదానిలో లారీ డ్రైవరు దారిలో ఒక మనిషిని గుద్ది ఆపకుండా పోతాడు. అప్పటి నుంచీ అటు వెళ్ళినప్పుడల్లా ఆ చోట లారీ ఆపి దణ్ణం పెట్టుకుంటాడు. "రోడ్డుకెందుకండి దణ్ణం? ఆ మనిషి ఇల్లెక్కడో కనుక్కోమనండి ముందు" అన్నాను.

నాలుగోది చదివే ముందు మాస్టారు మంచినీళ్ళు తాగారు. ఆ కథలో ఒక కుర్ర మేష్టరు ఉంటాడు. కొత్త ఉద్యోగం, కొత్త చొక్కా. ధాన్యం మిల్లులో పనిచేసే వాళ్ళ ఆడపిల్ల ఒంటినిండా తవుడుతో బడికి వస్తుంది. "ఇలా రాకూడదు, పోయి దులుపుకుని రా" అని అందరి ముందూ బయటకు పంపేస్తాడు. పిల్లలు నవ్వుతారు. ఆ పిల్ల మళ్ళీ బడికి రాదు. మేష్టరు ముసలివాడై, ఆ తప్పు పోవాలని, ఇంటి దగ్గర రోజూ పేద పిల్లలకు ఊరికే పాఠాలు చెబుతూ ఉంటాడు. అంతే కథ.

నాకు ఒళ్ళు మండింది. ఉన్నదున్నట్టు చెబుతాను.

"ఒకరి కాలు తొక్కి ఇంకొకరికి దణ్ణం పెట్టాడండి ఈయన. బయటకు గెంటింది ఒక పిల్లని. పాఠాలు చెప్పేది వేరే పిల్లలకి. ఆ పిల్ల ఎక్కడుందో చూడ్డానికి ఈయనకి కాళ్ళు లేవా?"

మాస్టారు రాయడం ఆపారు. "ఇన్నేళ్ళయ్యాక వెళ్ళి ఏం చెబుతాడమ్మా?"

"తప్పైందమ్మా అని చెబుతాడు. అంతకంటే ఏం కావాలండి? అన్ని పుస్తకాలు చదివినాయనకి ఆ ఒక్క మాట రాదా?"

"ఆ పిల్ల పోయి ఉంటే?"

"పోయిందని తెలుసుకోడానికైనా వెళ్ళాలి కదండి."

ఆయన మళ్ళీ తల వంచుకుని రాసుకున్నారు. నేనూ ఆగలేదు. "మా రెండిళ్ళు సముద్రం పట్టుకుపోయింది మాస్టారండి. ఒక్కసారైనా తప్పైందని రాలేదు. అది సముద్రం, రాదు. ఈయన మనిషే కదా?"

"సరేనమ్మా" అన్నారు. "చెప్పింది చెప్పినట్టు రాశాను." గొడుగు ముడిచి లోపలికి వెళ్ళారు. ఆ తర్వాత మూడు రోజులూ ఆయన అరుగు మీదకు రాలేదు, నేను ఆయన్ను చూడలేదు. సరిగ్గా నాలుగో రోజున ఆ బస్సు.

పదకొండో రోజున మీలో ఇద్దరు వచ్చారు. మాస్టారి తమ్ముడుగారు భోజనాల దగ్గర అందరికీ వినబడేలా, "ఈ ఎండల్లో ముసలాయన్ని ఎవరు తిప్పారో గానీ, వాళ్ళకి మంచి జరగదు" అన్నారు. నేను వీధరుగు మీద ఉన్నాను. ఎవరా పాపిష్టి వాళ్ళు అని నేను కూడా లోపల తిట్టుకున్నాను.

అప్పుడు రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మాయి నా పక్కన కూర్చుని నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ అమ్మాయి కూడా మీలో ఒకరు. "మీరు నా మొదటి కథకి రాసిన మాట ఇప్పటికీ దాచుకున్నానండి. 'ఈ అమ్మాయి చూపు మంచిది, ఇంకొంచెం దగ్గరకు వెళ్ళి చూస్తే చాలు' అన్నారు. ఆ మాట లేకపోతే మానేసేదాన్నండి" అంది.

నాకు ఆ కథ గుర్తే. నేనన్న మాట కూడా గుర్తే. "ఎవరో గట్టు మీద నిలబడి లోతు చెబుతున్నారు. దిగమనండి, లేకపోతే మానేయమనండి." అదీ నేనన్నది.

"నేనలా అనలేదమ్మా" అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, "మీరెప్పుడూ ఇంతేనండి, పొగిడితే ఒప్పుకోరు" అంది. రెండో ఆయన అమలాపురం నుంచి వచ్చారు. ఆయన కూడా వంగి నాకు నమస్కారం పెట్టి, "మీ అంత మెత్తని మనసు మా బృందంలో ఎవరికీ లేదండి" అన్నారు. నా మనసు మెత్తనిదని నా కొడుకులు కూడా ఏనాడూ అనలేదు. పళ్ళెంలో ఏం పెట్టారో, ఏం తిన్నానో నాకు తెలియలేదు.

మర్నాడు తట్ట దించి అమ్మగారిని అడిగాను. "ఆ నోటుబుక్కులు తెచ్చి చదవండి. ఏం రాశారో నేను వినాలి." ఆవిడ చదివారు. పొద్దున్న మొదలుపెడితే చేపలు మెత్తబడేదాకా చదివారు. ఒక్క మాట నాది కాదు. నేను రాయి విసిరితే ఆయన దానికి గుడ్డ చుట్టి మీకు పంపారు, ఇన్నేళ్ళూ. "ఈ కథ చించేయండి" అన్నది "ఈ కథ మళ్ళీ రాస్తే బాగుంటుంది" అయింది. "వీడికి ఆడవాళ్ళ గురించి ఏం తెలుసు?" అన్నది "ఆడవాళ్ళను అడిగి రాస్తే ఇంకా నిండుగా ఉంటుంది" అయింది. నా ఎదురుగా కూర్చుని, నా నోటి వంక చూస్తూ, "చెప్పింది చెప్పినట్టు" అంటూనే ఇదంతా చేశారు. పోయిన మనిషి మీద అంత కోపం రావచ్చని నాకు తెలియదు. 

ఇక చాలు మూసేయండి అన్నాను. "చివరిది ఉండు" అన్నారు అమ్మగారు. ప్రాయశ్చిత్తం కథల మీద నా మాటలు. మొదటి మూడింటికీ యథాప్రకారం గుడ్డ చుట్టారు. నాలుగో కథ దగ్గరకు వచ్చేసరికి ఆవిడ గొంతు మారింది. "ఒకరి కాలు తొక్కి ఇంకొకరికి దణ్ణం పెట్టాడండి ఈయన..." నేనన్నది నేనన్నట్టే. "కాళ్ళు లేవా" ఉంది. "ఆ ఒక్క మాట రాదా" ఉంది. సముద్రం కూడా ఉంది. ఒక్క అక్షరం తగ్గించలేదు.

ఆ పేజీలోనే కథ రాసిన కార్డు మడిచి పెట్టి ఉంది. అమ్మగారు విప్పి రెండుసార్లు చదువుకున్నారు. "చేతిరాత ఆయనదే" అన్నారు.

ఆ మిల్లు మండపేటలోదని అమ్మగారే చెప్పారు. మాస్టారి మొదటి ఉద్యోగం అక్కడే. కథలో పేద పిల్లలన్నచోట నన్ను పెట్టుకోండి. ఆ అరుగు, ఆ గొడుగు, "మీరు" అన్న పిలుపు, ఇన్నేళ్ళు చదివి వినిపించడం, అన్నీ ఆ తవుడు పిల్లకు చెందాల్సినవి. నేను మధ్యలో వచ్చి కూర్చున్నాను.  ఆ వెనకే రెండో సంగతి తట్టింది. ఎండలో ఆయన్ను తిప్పింది ఎవరో.

ఎదురుగా అమ్మగారు. బొట్టు లేని ఆ మొహం నాకింకా అలవాటు కాలేదు. "తప్పైందమ్మా అంటే సరిపోతుంది, ఆ ఒక్క మాట రాదా" అని ఆయన్ను గద్దించిన నోరు నాది. ఇప్పుడు ఆ మాట నేను అనాలి. ఎంతకీ రాదే. తట్ట ఎత్తుకుని లేచాను, మెట్టు దిగాను కూడా. వీధిలో నాలుగడుగులు వేసి, లారీ డ్రైవరు గుర్తొచ్చి వెనక్కి వచ్చాను.

"అమ్మగారండి, నేనే పంపానండి ఆయన్ని. తప్పైందండి."

ఆవిడ నోటుబుక్కు మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. అప్పుడన్నారు, "ఆ పిల్ల సంగతి పెళ్ళయిన కొత్తలోనే నాకు చెప్పారే. ఏడాదికోసారైనా ఆ మాట ఎత్తేవారు. నేను ప్రతిసారీ, పోనీలెండి, చిన్నతనం, ఇప్పుడెందుకూ అనేదాన్ని. మెత్తగా చెప్పి చెప్పి యాభై ఏళ్ళు ఆయన్ని ఇంట్లోనే కూర్చోబెట్టాను. నువ్వు ఒక్కసారి కసిరావు, వెళ్ళారు." కార్డు మళ్ళీ మడుస్తూ, "వెళ్ళారు సరే. దొరికిందో లేదో" అన్నారు.

అదే మా ఇద్దరికీ పట్టుకుంది. ఆయన గుమ్మం ఎక్కి ఆ మాట అన్నారా, అనకుండానే తిరుగు బస్సెక్కారా? ఏది జరిగిందో తెలియకపోతే నేను ఆయన్ను ఊరికే చంపినట్టే. ఆ వారం రోజులూ నేను అమ్మిన చేపకు రుచి కూడా ఉండి ఉండదు.

ఆ తర్వాత ఒక పొద్దున నేను వచ్చేసరికి అరుగు మీద ఒకావిడ కూర్చుని ఉంది. అరవై దాటి ఉంటాయి. చీర మడతల్లో తవుడు. ఒళ్ళో మాస్టారి నల్లగొడుగు. అంచున ఉన్న రాత మిల్లు గుమస్తా చేత చదివించుకుని, వీధి అడిగి తెలుసుకుంటూ వచ్చిందట. ఇచ్చి వెళ్దామని వచ్చి, తలుపు తీసిన అమ్మగారిని చూసి సంగతి గ్రహించి, కదల్లేక కూర్చుండిపోయింది.

"ఆ రోజు మిట్టమధ్యాహ్నం వచ్చేరండి" అంది. "మిల్లు గేటు కాడ రెండు గంటలు మా నాన్న పేరు పట్టుకుని అడిగేరంట. మా గుమ్మంలో నిలబడి చేతులు జోడించేరండి. తప్పైందమ్మా అన్నారండి. పెద్దాయన, నాకు చేతులు జోడించడమేంటండి, కంగారొచ్చేసింది."

"గుర్తుపట్టావా ఆయన్ని?" అన్నాను.

ఆవిడ అమ్మగారి వంక చూసింది, నా వంక చూసింది. "మీకు అబద్ధం చెప్పనండి. నాకేం గుర్తు లేదండి. బడి మాన్పించింది మా అమ్మండి, తమ్ముడు పుట్టేడు, ఎత్తుకోడానికి మనిషి లేదని. ఈయన గెంటేరో లేదో కూడా నాకు తెలీదండి. కానీ ఆ మొహం చూసి గుర్తు లేదని ఎలాగంటానండి? గుర్తుంది బాబూ, ఎప్పుడో మర్చిపోయేను అనేశానండి."

నా నాలుక చివర దాకా వచ్చింది. అంత దూరం వచ్చిన మనిషికి అబద్ధం చెప్పి పంపావా అని. నోరు తెరిచాను కూడా.

"అప్పుడేమన్నారు?" అని అమ్మగారు అడిగారు.

"మంచినీళ్ళడిగేరండి. చెంబుడూ తాగేసి, చెంబు నా చేతికిస్తా నవ్వేరండి. ఆ నవ్వుతోనే వెళ్ళిపోయేరు. గొడుగు నా గుమ్మంలోనే ఉండిపోయిందండి. పరిగెత్తుకుని వెళ్ళేసరికి బస్సు కదిలిపోయింది."

నేను నోరు మూసుకున్నాను. ఈ జన్మలో చెప్పాల్సిన మాట చెప్పకుండా మింగడం నాకదే మొదలు. ఆవిడ చేసింది తప్పో ఒప్పో నాకు ఈ రోజుకీ తేలలేదు. మాస్టారు మీకు చేసింది కూడా తేలలేదు. రాజమండ్రి అమ్మాయి ఆ మెత్తని మాట పట్టుకుని ఇన్ని కథలు రాసింది. మాస్టారు నా గట్టి మాట పట్టుకుని మండపేట వెళ్ళారు. ఏది ఎవరికి చెప్పాలో ఆయనకు తెలిసినట్టుంది. నాకు తెలియదు. అందుకే మిగిలిన మూడు కథలకూ నేనన్నది అన్నట్టే పైన చెప్పాను, అమ్మగారు రాసేశారు. నొచ్చుకుంటే ఈ అరుగు మీదకు వచ్చి నాతో తగువాడండి. రోజూ పది గంటలకు ఉంటాను. మీరొస్తే నాకూ మాటలు నేర్చుకున్నట్టుంటుంది.

మండపేట ఆవిడ భోజనం చేసి వెళ్ళింది. ఆ మర్నాడు నేను తట్ట దించి గోడకు చేరబడ్డాను. ఎండ అరుగు మీదకు వచ్చింది. గుమ్మం వైపు చూడకూడదని వీధి వంక చూస్తున్నాను. తలుపు చప్పుడైంది. అమ్మగారు బయటకు వచ్చారు, చెంగు ముక్కుకు అడ్డం లేదు. గొడుగు తెచ్చి నా తట్ట మీద విప్పారు. మడతల్లో ఇరుక్కున్న తవుడు సన్నగా రాలి, ఐసు మీదా పండుగప్ప వీపుల మీదా పడింది.

"అయ్యో, దులిపి తెస్తాను" అన్నారు.

"ఉండనివ్వండి" అన్నాను.